చూడకుండా జరగాల్సిన పెళ్లిచూపులు

ఆ రోజుల్లో పేపర్లో అచ్చయిన ప్రతి మాటా నిజమేనని నమ్మేవాళ్లలో నేనొకణ్ణి (డిగ్రీ చదవడం వల్ల కలిగిన నష్టాల్లో ఇదొకటి). డెబ్బైల మొదట్లో దేశమంతా కళ్లకలక పాకినప్పుడు, జబ్బున్నవాళ్ల కళ్లలోకి చూస్తే చాలు, అంటుకుంటుందని మొదటి పేజీలో వేశారు. బాపట్లలో మా ఆఫీసు ఆఫీసంతా నల్లకళ్లద్దాలు పెట్టుకుని, ఫైళ్లు తడుముకుంటూ పనిచేశాం. పనిలో పెద్ద తేడా రాలేదు.

సరిగ్గా అప్పుడే రేపల్లెలో నాకు పెళ్లిచూపులు. తెనాలిలో మా మేనమామ తోడయ్యాడు. అంతకుముందు ఆయన తెచ్చిన ప్రతి సంబంధానికీ నేను వెళ్లి, తల వంచుకుని కాఫీ తాగి, అమ్మాయిని చూడకుండానే తిరిగొచ్చాను. "ఇదీ తప్పిందంటే ఇక నీ పెళ్లి జోలికి రాన్రా," అని రైల్లోనే తేల్చేశాడు.

కాళ్లు కడుక్కోగానే ఇంటాయన, ఇంటిల్లిపాదీ వాడే తువ్వాలు మర్యాదగా అందించి, "అమ్మాయికి కళ్లకలకండీ. పేపర్లో చదివారుగా! అబ్బాయిగారు అటు తిరిగి కూర్చుంటే కానిచ్చేద్దాం," అన్నారు.

"చూడకుండా చూపులేంటండీ?" అన్నాడు మామయ్య.

"అమ్మాయి మాట వింటారు గదండీ!"

గోడకేసి తిరిగి కూర్చున్నాను. వెనక గాజుల చప్పుడైంది. మామయ్య కళ్లు గట్టిగా మూసుకుని, "ఏదన్నా అడగరా," అని మోచేత్తో పొడిచాడు. నాకు తోచింది ఒక్కటే.

"పేపరు చదువుతారా?"

"చదువుతానండి. చూస్తే వస్తుందన్నది మాత్రం నమ్మనండి."

"ఎందుకని?"

"ఇంట్లో అందరికంటే ముందొచ్చింది మా మామ్మకండి. ఆవిడకి చూపు ఎప్పుడో పోయింది."

నవ్వాపుకోలేక గిరుక్కున వెనక్కి తిరిగాను. "అయ్యో, బాబూ!" అని ఇంటాయన కేకేశారు. ఎర్రగా వాచిన రెండు కళ్లు నన్ను చూసి నవ్వుతున్నాయి. "నాకిష్టమే మామయ్యా," అనేశాను, ఆయన ఇంకా కళ్లు తెరవకముందే.

మర్నాటికి మామయ్యకీ నాకూ కళ్లు ఎర్రబడ్డాయి. "నువ్వంటే చూశావు. నేను ఆ పిల్లకేసి కన్నెత్తలేదు గదరా!" అని మామయ్య గోల. కొన్ని వారాలకు అదే పేపరు, అది చూపులతో కాదు, చేతులతో, తువ్వాళ్లతో అంటుకుంటుందని లోపలి పేజీలో సన్నక్షరాలతో వేసింది.

మొన్నటి కొత్త జబ్బప్పుడు టీవీవాళ్లు మొదట చెప్పినవన్నీ తప్పులేనని మా మనవడు మండిపడ్డాడు. ఆనాడు పేపర్లో మొదటే సరిగ్గా రాసుంటే, రేపల్లెవాళ్లు తువ్వాలు దాచేసి నన్ను అమ్మాయికి ఎదురుగానే కూర్చోబెట్టేవారు. నేను ఎప్పట్లాగే తల వంచుకుని, కాఫీ తాగి, క్షేమంగా బాపట్ల చేరేవాణ్ణి. అందుకే పేపరువాళ్లను ఎప్పుడో క్షమించేశాను.

"మీరు క్షమించారు సరే, నేనింకా ఆలోచిస్తున్నా," అంటుంది మా ఆవిడ.