నేను సంతకం పెట్టలేని కాగితం

మా చెల్లెలి భర్త పెద్ద చమురు కంపెనీలో పనిచేస్తాడు. సముద్రం మధ్యలో ఇనుప కాళ్ళ మీద నిలబడిన రిగ్గులో అతని పని. ఇరవై ఎనిమిది రోజులు అక్కడ, ఇరవై ఎనిమిది రోజులు మా దగ్గరి ఊరు అంకిసలో తన ఇంట్లో. ఇంటి దగ్గర ఉన్న రోజులకు కూడా జీతం వస్తుంది. ఈ చివరి ముక్క తొమ్మిదేళ్ళుగా నా గొంతులో చేప ముల్లులా ఉంది.

అతన్ని నేను బావ అంటాను, అతనూ నన్ను బావ అంటాడు. నాది మరాఠీ రాష్ట్రం అంచున ఉన్న సిరోంచలో తహసీలు ఆఫీసు ఎదురుగా జిరాక్స్ దుకాణం. జనానికి దరఖాస్తులు కూడా రాసిపెడతాను. బడి ఎనిమిదో తరగతితో ఆగింది, అదీ మరాఠీలో. తెలుగు చదవడం గ్రంథాలయంలో సొంతంగా నేర్చుకున్నాను. అక్కడ మరాఠీ బీరువాలు చాలా ఉన్నాయి, తెలుగుది ఒక్కటే. ఆ ఒక్కటీ పై అర నుంచి కింది అర దాకా చదివాను. ఈ మాట చెప్పుకోవడం నాకు ఇష్టం. అడగని వాళ్ళకు కూడా చెబుతుంటాను.

కింది అరలో అట్ట ఊడిన పుస్తకం ఒకటి ఉండేది. భూమి లోపల చమురు ఎలా పుడుతుందో, బావి ఎలా తవ్వుతారో అందులో ఉంది. బావ ఐటీఐ పూర్తిచేసి, కంపెనీ ఇంటర్వ్యూకు పిలుపు వచ్చినప్పుడు, వారం రోజులు ఆ పుస్తకం ముందు పెట్టుకుని పాఠం చెప్పింది నేనే. తవ్వేటప్పుడు గొట్టంలోంచి బురద ఎందుకు పంపుతారో, అది తిరిగి పైకి వస్తూ రాతి ముక్కల్ని ఎలా మోసుకొస్తుందో జొన్నపిండి కలిపి చూపించాను. ఇంటర్వ్యూలో అదే అడిగారట. అతను వెళ్ళాడు. ఐటీఐ కాగితం లేదు కాబట్టి నేను దుకాణంలో ఉండిపోయాను.

ఆ తరువాత అంకిసలో చమురు గురించి ఎవరికి ఏ అనుమానం వచ్చినా అతన్నే అడగడం మొదలుపెట్టారు. పెట్రోలు ధర పెరిగినా అతన్నే అడుగుతారు, ధర అతనే పెంచినట్టు. హోటల్లో అతనికి కుర్చీ ఖాళీ చేస్తారు. నేను పక్కనే నిలబడి ఉంటాను, ఆ పుస్తకం మొత్తం నోటికి వచ్చినవాణ్ణి.

ఒక్కసారి మాత్రం నా మనసు చల్లబడింది. రిగ్గుకు హెలికాప్టర్‌లో తీసుకెళ్తారు కాబట్టి, అది నీళ్ళలో పడితే బయటపడడం ఎలాగో ముందే నేర్పుతారు. మనుషుల్ని ఒక డబ్బాలో బెల్టులతో కట్టి, కొలనులో ముంచి, తలకిందులుగా తిప్పుతారు. డబ్బా తిరగడం ఆగేదాకా కిటికీ అంచు పట్టుకుని కదలకుండా ఉండాలి. ఆ తరువాతే బెల్టు తియ్యాలి. బావ గోదావరిలో వలలు వేసే ఇంట్లో పుట్టినవాడు. కాలికి నీళ్ళు తగలగానే బెల్టు తీసేసి ఈత కొట్టాడు. డబ్బా ఇంకా తిరుగుతూనే ఉంది. పైకేదో కిందకేదో తెలియక అడుగు వైపు ఈదుతుంటే మనుషులు దిగి బయటికి లాగారు. ఆ బ్యాచిలో ఈత రానివాళ్ళంతా మొదటిసారే పాసయ్యారు. అతను మూడోసారికి పాసయ్యాడు. ఆ సంగతి అతనే నవ్వుతూ చెప్పాడు. నేను అతనికంటే ఎక్కువ నవ్వాను, ఎక్కువమందికి చెప్పాను.

ఈ వానకాలం ఒక శుక్రవారం మధ్యాహ్నం అతను దుకాణానికి వచ్చాడు. ఇంకో ఐదేళ్ళు ఉంటావా, మానేస్తావా అని కంపెనీ అడిగిందట. సోమవారానికి జవాబు చెప్పాలి. మానేసి నాన్నకున్న కాస్త పొలంలో వరి వేసుకుందామని ఉంది, భయంగానూ ఉంది అన్నాడు. నిర్ణయం కుదరక మూడు రాత్రులుగా నిద్ర లేదట. మా అన్నను అడుగు అని మా చెల్లెలు పంపించిందట.

"నువ్వు బుక్కులు సదివినోనివి బావా," అన్నాడు. "మంచేంది, చెడేంది రెండు దిక్కులా రాసియ్యి. నువ్వేది రాస్తే గదే చేస్త."

నేను తెల్ల కాగితం తీసి మధ్యలో గీత గీశాను. ఆ గీత గీస్తున్నప్పుడే నాకు తెలుసు. ఇతను మానేస్తే వచ్చే ఏడు ఈ వేళకు మోకాలి లోతు బురదలో నాట్లు వేస్తుంటాడు. హోటల్లో ఇద్దరం ఒకే బల్ల మీద కూర్చుంటాం.

ఎడమవైపు లాభాలు అని పెట్టి మూడు ముక్కలు రాశాను. జీతం, సెలవు, వైద్యం. కుడివైపు నష్టాలు. అక్కడ నా చదువంతా పనికొచ్చింది. కుళ్ళిన గుడ్ల వాసన వచ్చే విషవాయువు, ఎక్కువైతే ఆ వాసన కూడా తెలియకుండా మనిషిని పడగొట్టే సంగతి రాశాను. ప్రపంచం బ్యాటరీ బండ్ల వైపు పోతోందని, చమురు ధర పడితే ముందు మనుషుల్నే తీసేస్తారని రాశాను. వరదకు ఇక్కడి రోడ్డు తెగితే బల్లార్షాలో ఎక్కాల్సిన రైలు అందదని, ఒక్కరోజు ఆలస్యమైతే హెలికాప్టర్ ఆగదని రాశాను. పన్నెండు గంటల పని, నడి సముద్రం ఉప్పుగాలి, చెవుల హోరు. అబద్ధం ఒక్కటీ లేదు. నా చేతిరాత అంత అందంగా ఎప్పుడూ రాలేదు.

బావ వేలు పెట్టి నెమ్మదిగా చదివాడు. చదివి, కాగితం మళ్ళీ నా ముందుకు జరిపాడు.

"కింద సంతకం పెట్టు బావా."

సంతకం ఎందుకన్నాను. ఇది దరఖాస్తు కాదు కదా అన్నాను.

"మా కాడ గంతే. పని షురూ చేసే ముందు ఏమేం ప్రమాదముందో కాగితం రాస్తరు. రాసినోడే ఆడికి పోయి, కండ్లతోటి చూసి, సంతకం పెట్టాలె. రేపు గిట్ల తప్పైతే వాడే జవాబు. సంతకం లేకుంటే ఎవ్వడు నట్లు తిప్పే పాన కూడ ముట్టడు."

మా దుకాణానికి వచ్చేవాళ్ళ చేత రోజంతా సంతకాలు పెట్టిస్తాను. చదవకుండానే పెట్టేస్తారు. పెన్ను పట్టుకున్నాను. ఎడమవైపు మూడు ముక్కలు, కింద ఖాళీ. దాన్ని చూస్తుంటే చెయ్యి కదలలేదు.

"ఇంకా అయిపోలే," అన్నాను. "జర ఆగు."

లాభాలు మళ్ళీ మొదటి నుంచి రాశాను. ఆలోచించే పని పడలేదు. తొమ్మిదేళ్ళుగా రోజూ వాటినే లెక్కపెట్టుకుంటున్నాను, అతనికంటే నాకే బాగా గుర్తున్నాయి. ఇంట్లో ఉన్న ఇరవై ఎనిమిది రోజులు ఎవరికీ దండం పెట్టక్కర లేకపోవడం. వాళ్ళ అమ్మకు కాలు విరిగితే నాగపూర్ పెద్ద ఆసుపత్రిలో ఒక్క కార్డు చూపిస్తే చేర్చుకోవడం. వేళకు కొత్త బూట్లు. అధికారి తప్పు పని చెబితే, అందరికంటే చిన్నవాడు కూడా చెయ్యి ఎత్తి పని ఆపగలగడం. కేరళవాడితో, అస్సాంవాడితో పక్కపక్కన కూర్చుని తినడం. నేను పుస్తకంలో చదివిన రాతి ముక్కల్ని అరచేతిలో పెట్టుకుని చూడడం. ఎడమవైపు నిండితే కాగితం తిప్పి వెనక రాశాను.

తరువాత కుడివైపు రెండు చేర్చాను. ఇవి ముందే తెలుసు. రాస్తే నాకే అతని మీద జాలి పుడుతుందని వదిలేశాను. రిగ్గు కాళ్ళ చుట్టూ చేపలు గుంపులుగా తిరుగుతుంటాయట, వలవాళ్ళ ఇంటి కొడుకు చెయ్యి పెట్టకూడదు, పైనుంచి చూడాలి. రెండోది మా చెల్లెలి ఇంట్లోది. అతను వచ్చినప్పుడల్లా అతనికి అన్నం చుట్టాల పళ్ళెంలో పెడుతుంది. ఉప్పు డబ్బా ఎక్కడుందో తన ఇంట్లో తానే అడుగుతాడు.

సంతకం పెట్టి ఇచ్చాను. అతను ముందువైపు, వెనకవైపు చదివాడు.

"గివన్ని నీకెట్ల ఎరుక? నేనెప్పుడు చెప్పిన?"

"నాకు నువ్వు చెప్పలే. హోటల్ల అందరికి చెప్పినవ్. నేను చూసుకుంట కూసున్న."

అతను చివరి వాక్యం దగ్గర వేలు పెట్టి కొంతసేపు ఉంచాడు. కాగితం మడిచి, తడవకుండా ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని వాన తగ్గకముందే బండి మీద వెళ్ళిపోయాడు.

ఆదివారం భోజనానికి పిలిచారు. ఐదేళ్ళకు ఒప్పుకుంటున్నానని బావ చెప్పాడు. నా కాగితం రెండుసార్లు చదివించుకుని మా చెల్లెలు కూడా సరే అన్నదట. ఊరి చెరువు చేప పులుసు వండింది. అతనికి రోజూ ఇంట్లో వాడే పాత పళ్ళెంలో పెట్టింది. అంచు సొట్టపోయిన పళ్ళెం, పులుసు ఒక పక్కకు కారుతోంది. అతను దాన్ని ఎడమచేత్తో ఎత్తి పట్టుకుని తిన్నాడు, ఇంకోసారి పులుసు వేయించుకున్నాడు, లేచి వెళ్ళి ఉప్పు తనే తెచ్చుకున్నాడు.

చుట్టాల పళ్ళెం నాకు పెట్టింది. తళతళ మెరుస్తోంది. నేను అందులో తింటూ అతని సొట్ట పళ్ళెం వైపే చూస్తూ కూర్చున్నాను.