ఫ్రాన్సు దొరసాని కోసం ఏడ్చిన మా వీధి

మా చిన్నప్పుడు పాకాలలో టికెట్టు కొనుక్కుని మరీ ఏడ్చేవాళ్లు... స్వాతంత్ర్యం రాకముందు సంగతి. రైలు స్టేషను వెనక మైదానంలో డేరా వేసి ఒక ఇంగ్లీషు సినిమా ఆడించారు. మాటలు ఒక్కరికీ అర్థం కావు. తెర పక్కన కర్ర పట్టుకుని నిలబడి ఒకాయన కథంతా తెలుగులో అరిచి చెప్పేవాడు.

ఫ్రాన్సు సముద్రతీరంలో ఏదో రేవు... పెళ్లయిన నెలకే మొగుడు ఓడెక్కి పోతాడు. ఓడ మునిగిందని కబురొస్తుంది. ఊరంతా పోయాడన్నా ఆ దొరసాని నమ్మదు. ఏడేళ్లు రోజూ గట్టు మీద నిలబడి ఎదురు చూస్తుంది. ఆఖరికి వాడు వస్తాడు!

అంతే... మా వీధి ఆడవాళ్లకు పిచ్చి పట్టింది. రైల్వే గార్డుగారి భార్య రత్నమ్మ నాలుగుసార్లు చూసింది. బావి దగ్గర చేద చేతిలో పట్టుకునే "ఆడదంటే ఆయమ్మే! ఏమి నమ్మకం!" అని కళ్లొత్తుకునేది.

అదే బావి దగ్గర మా చిన్నమ్మ చెంగమ్మ ఎదురైతే మొహం తిప్పుకునేది.

చిన్నమ్మ మా అమ్మ చెల్లెలు. పులికాట్‌లో చేపలు పట్టేవాళ్ల ఇంటి కోడలు. చిన్నాయన వేటకు పోయిన పడవ బోర్లాపడి దొరికింది... మనిషి దొరకలేదు. అత్తింటివాళ్లు కర్మ చేసేశారు. "శవాన్ని సూపించండి, తీసేస్తా" అని చిన్నమ్మ బొట్టూ గాజులతోనే మా ఇంటికి వచ్చేసింది. రెండేళ్లయినా పొద్దున్నే కుంకుమ పెట్టుకునేది. దాంతో మా వీధి పరువు పోయిందట!

ఇంతలో రత్నమ్మ కూతురికి పెళ్లి కుదిరింది. "నా బిడ్డ పెండ్లికి ముందు ఆ బొట్టు తీయించాల. లేదంటే మీ ఇంట్లో ఎవురూ మా గడప తొక్కొద్దు" అని మా అమ్మకు కబురు పంపింది.

ఆ శనివారం చిన్నమ్మ నన్ను వెంటబెట్టుకుని డేరాకు పోయింది. చుట్టూ అందరూ ముక్కులు చీదుతున్నారు. ఆమె మాత్రం ఏడవలేదు. "ఆ తెడ్డు పట్టుకునేది సూడు... ఈడు పుట్టినాక పడవెక్కినోడు గాదు" అంది నా చెవిలో, తెర మీది మొగుణ్ణి చూపిస్తూ.

ఆట వదిలాక రత్నమ్మకు ఎదురుగా పోయి నిలబడింది.

"అక్కా, ఆయమ్మ ఏడేండ్లు కాసుకోనుంటే అంత ఏడిస్తివే... నాది రెండేండ్లే గదక్కా."

రత్నమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "అది సినిమా గదమ్మే" అని పక్కకు తప్పుకుని పోయింది.

నాలుగు రోజులకే చిన్నమ్మను పీట మీద కూర్చోబెట్టి గాజులు పగలగొట్టారు, కుంకుమ తుడిచేశారు. ఆ పనికి ఇద్దరు ముసలమ్మలను పిలిపించింది రత్నమ్మే. చూస్తే అశుభమని తన ఇంటి తలుపు మాత్రం వేసుకుంది. మా అమ్మ ఒప్పేసుకుంది. ఆ సాయంత్రమే రత్నమ్మ ఐదోసారి సినిమాకు పోయింది, ఏడవడానికి!

నాకిప్పుడు తొంభై దగ్గర పడ్డాయి. మొన్న మా మనవరాలు ఆ సినిమా ఫోనులో పెట్టి చూపించింది. కింద బోలెడుమంది ‘ఎన్నిసార్లు చూసినా కన్నీళ్లు ఆగవు’ అని రాశారు... నాకు ఒళ్లు మండింది.

చిన్నమ్మ పోయాక ఆమె ట్రంకుపెట్టెలో కుంకుమ భరిణె దొరికింది. ముప్పై ఏళ్లు నుదుట బొట్టు లేకుండా బతికిన మనిషి... భరిణెలో కుంకుమ మాత్రం నిండుగా, కొత్తగా ఉంది.

డేరాలు పోయాయి, కథ చెప్పే కర్రాయన పోయాడు... ఏడుపులు మాత్రం ఇంకా తెర మీది వాళ్లకే. మీలో ఎవరైనా పక్కింటి మనిషి కోసం ఏడ్చి ఉంటే ఆ సంగతి రాయండి... సినిమా సంగతులు నాకొద్దు.