కాచు రంగులో తేలిన చెయ్యి

నా చిన్నప్పుడు మా ఇంట్లో తలకు నూనె రాసుకోని మనిషి మా తాతయ్య ఒక్కడే. రాసుకోవడానికి ఆయన నెత్తిమీద ఒక్క వెంట్రుకా మిగల్లేదు. హయత్‌నగర్ అవతలి పల్లెలో నలభై ఏళ్ళు వడ్రంగం చేసి, నడుము పట్టేశాక దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంటికి వచ్చేశాడు. పని మానేశాడన్న మాటే గానీ, వరండాలో ఆయన మంచం కింద పనిముట్ల పెట్టె ఎప్పుడూ తెరిచే ఉండేది.

మా ముందు పోర్షన్‌లో కోస్తా నుంచి వచ్చినవాళ్ళు కిరాయికి ఉండేవారు. వాళ్ళమ్మాయి డిగ్రీ చదువుతుండేది. నేను అక్కా అని పిలిచేదాన్ని. ఆ అక్క ఎవరి దగ్గర్నుంచో ఒక పాత గిటారు తెచ్చుకుంది. మోగడానికి బాగానే మోగేది గానీ, దానిమీది పెయింటు పెచ్చులు పెచ్చులుగా లేచిపోయి, చూస్తే జాలి పుట్టేది. శనివారం కాలేజీ ఫంక్షన్‌లో దాన్ని వాయిస్తానని అక్క పేరిచ్చేసింది. వాళ్ళ నాన్నగారు మాత్రం, ఆ చెత్త పట్టుకుని స్టేజీ ఎక్కడానికి వీల్లేదని తెగేసి చెప్పారు. అక్క గిటారు తీసుకుని నేరుగా మా వరండాలోకి వచ్చింది.

"తాతగారూ, దీనికి మళ్ళీ రంగు వేయడం కుదురుతుందంటారా?"

తాతయ్య అంతకుముందు గిటారును చేత్తో పట్టుకున్నవాడు కాదు. అటూ ఇటూ తిప్పాడు, వేళ్ళతో తట్టి చప్పుడు విన్నాడు. "కట్టె మంచిదే బిడ్డా. అంగి ఖరాబైంది, గంతే. కొత్త అంగి తొడుగుదాం" అన్నాడు.

తీగలు విప్పేసి, సోమవారం, మంగళవారం ఆ పాత పెయింటంతా సాండ్‌పేపర్‌తో రుద్ది తీశాడు. ముందరి పలక దగ్గరికి వచ్చేసరికి ఆయన చెయ్యి ఎంత మెత్తగా కదిలేదో! పలక చాలా పల్చన, కొంచెం ఎక్కువ రుద్దితే పాడైపోతుందని నాకు చెబుతూ రుద్దేవాడు. మంగళవారం సాయంత్రానికి లోపలి కట్టె లేత రంగులో, నున్నగా బయటపడింది. అప్పుడు ఇంటిల్లిపాదికీ వినబడేలా చెప్పాడు: "ఉట్టి కట్టె గిది. ఏం తగిలితే అది తాగుతది. ఎవ్వరూ చెయ్యి పెట్టొద్దు."

బుధవారం పొద్దున తాతయ్య పాన్ డబ్బా దగ్గరికి, తమలపాకుకు పూసే కాచు కొనడానికి వెళ్ళాడు. కాచు నీళ్ళు కట్టెకు మంచి ఎర్రటి రంగిస్తాయట. నేను అప్పుడే తలకు కొబ్బరినూనె పట్టించుకుని జడలు వేయించుకున్నాను. వరండాలో ఎవరూ లేరు. మంచం మీద గిటారు ఒంటరిగా ఉంది. పదకొండేళ్ళ పిల్లను, ఎంతసేపని ఆగుతాను? ఒళ్ళో పెట్టుకుని, దాని పొట్టమీద అరచెయ్యి ఆనించి, లేని తీగల్ని మీటుతూ ఒక పాటంతా పాడేశాను. దించాక చూస్తే చెయ్యి పెట్టినచోట కాస్త మెరుపు. లంగా అంచుతో తుడిచాను. పోయినట్టే అనిపించింది. తాతయ్య చెప్పుల చప్పుడు వినగానే పుస్తకం తెరిచి కూర్చున్నాను.

తాతయ్య కాచును వేడినీళ్ళలో కరిగించి, వడగట్టి, గుడ్డ ముంచి పలకమీద సాఫీగా లాగాడు. కట్టె మీదికి ఎరుపు తిరుగుతుంటే అక్క చప్పట్లు కొట్టింది. అంతలోనే నడిమధ్యన తెల్లగా ఒక అరచెయ్యి, అయిదు వేళ్ళు తేలాయి. నూనె తాగినచోట రంగు పట్టలేదు.

తాతయ్య ఒక్క క్షణం దాన్నే చూసి, నావైపు తిరగకుండానే అన్నాడు. "అరె, నా చెయ్యే అయి ఉంటది బిడ్డా. పొద్దుగాల తలకు నూనె రాసుకున్న. మరిచిపోయి పట్టుకున్న."

అక్క ఎండలో మెరుస్తున్న ఆయన నెత్తి చూసింది. తర్వాత నూనె కారుతున్న నా రెండు జడలు చూసింది. నవ్వు బిగబట్టి, "పర్లేదులెండి తాతగారూ" అంది.

ఆయన నాలుగు దెబ్బలు వేసినా ఓర్చుకునేదాన్నేమో. నా తప్పు ఆయన నెత్తిన వేసుకోవడం మాత్రం తట్టుకోలేకపోయాను. "నేనే అక్కా, నేనే పట్టుకున్నా" అని బావురుమన్నాను. అక్క ఇక ఆపుకోలేక పకపకా నవ్వి నన్ను దగ్గరికి లాక్కుంది. "తాతగారి చెయ్యి అంత బుల్లిగా ఉంటుందటే, పిచ్చిదానా!"

తాతయ్య నవ్వలేదు. ఒక చెక్కముక్క తెచ్చి, దానిమీద నా చెయ్యి పెట్టమన్నాడు. వెంటనే స్పిరిట్ గుడ్డతో తుడిచి, ఆరాక కాచు నీళ్ళు పూశాడు. మచ్చన్నది లేదు.

"చూసినవా? రంగు పడకముందు చెప్తే గింత గుడ్డతోని అయిపోతుండె. ఇప్పుడు పలకంత మళ్ళ రుద్దాలె. ముట్టుకున్నందుకు కోపం లేదు, పిల్లలన్నంక ముట్టుకుంటరు. చెప్పకపోతివి సూడు, గదే పరేషాన్ చేసింది."

అన్నిటికంటే సన్న సాండ్‌పేపర్ నా చేతికిచ్చి, నా చేతిమీద తన చెయ్యి వేసి రుద్దించాడు. మధ్యమధ్య పలకను తట్టి, చెవి పెట్టి వినేవాడు. చివరికి ఆయన తల ఊపాడు. పలక బతికింది. గురువారం పొద్దున మళ్ళీ రంగు పూస్తే ఈసారి ఎక్కడా ఏమీ తేలలేదు.

సాయంత్రం అవిసె నూనెలో కాస్త టర్పెంటైన్ కలిపి, మెత్తటి గుడ్డతో పల్చగా పట్టించి, కట్టె తాగగా మిగిలినదంతా తుడిచేశాడు. శుక్రవారం ఇంకోసారి. మూడుసార్లు పట్టించాలన్నది ఆయన లెక్క. నావల్ల ఒకటి తగ్గింది. శనివారం పొద్దున్నే మూడోది కూడా వేసేయమని అక్క అడిగింది గానీ ఆయన ఒప్పుకోలేదు. "ఆరకపోతే నీ చీరెకు అంటుతది బిడ్డా. రెండు చాలు."

తీగలు బిగించాక అక్క వాళ్ళ నాన్నగారు వచ్చి చూశారు. వేలితో నెమ్మదిగా రాసి, "ఇది ఆ గిటారేనా?" అన్నారు. అంతే, స్కూటరు తీసి తానే అక్కను కాలేజీలో దింపారు. తాతయ్యా నేనూ బస్సులో వెళ్ళాం. ముందు వరసలో వాళ్ళకు పాటకంటే ముందు నూనె వాసనే తగిలి ఉంటుంది. పాట అయ్యాక చప్పట్లు ఎంతకీ ఆగలేదు. తాతయ్య మాత్రం వాటిలో సగం తన పలకకేనని బస్సు దిగేదాకా చెబుతూనే ఉన్నాడు.

పెద్దయ్యాక ఎల్బీనగర్‌లో ఒక దవాఖాన ల్యాబులో ఏళ్ళ తరబడి పనిచేశాను. ఒకసారి రెండు రక్తం సీసాల చీటీలు తారుమారు చేశాను. ఎవరూ చూడలేదు. రిపోర్టులు వెళ్ళడానికి ఇంకా అరగంట ఉంది. ఆలోచించేలోపే నా కాళ్ళు డాక్టరమ్మ గది ముందున్నాయి. ఆవిడ గట్టిగానే కోప్పడ్డారు. మళ్ళీ రక్తం తీశాం, అక్కడితో సరిపోయింది.

ఇప్పుడు మన్సూరాబాద్‌లో ఉంటున్నాం. నేను పొరపాట్లు చేయడం ఈ వయసులోనూ మానలేదు. వాటిని దాచిపెట్టడం మాత్రం నాకు చేతకాదు. మొన్న మా మనవరాలు పూలకుండీ పగలగొట్టి, అమ్మకంటే ముందు నాకు చెప్పడానికి పరుగెత్తుకొచ్చింది. చీపురు ఒకరం, చేట ఒకరం తీసుకుని వెళ్ళాం.