నీళ్లు తాగకుండా చేసిన టూర్లు

1978 జూన్‌లో నాకు వరంగల్ జిల్లా కార్యాలయంలో బాలవాడీల పర్యవేక్షకురాలిగా పోస్టింగ్ వచ్చింది. బాలవాడీ అంటే మూడు నుంచి ఐదేళ్ల పిల్లలను కూర్చోబెట్టి, ఆటపాటలు నేర్పి, ఉప్మానో పాలో పెట్టి పంపే చిన్న కేంద్రం. ఒక్కో కేంద్రాన్ని ఒక బాలసేవిక నడిపేది. ఊరూరూ తిరిగి వాటిని తనిఖీ చేయడం నా పని. నెలకు పద్దెనిమిది రోజులు టూర్‌లో ఉండాలి. వచ్చే నెల ఏ రోజు ఏ ఊరికి, ఏ దారిన వెళ్తానో ముందే రాసి టూర్ ప్రోగ్రాం ఇవ్వాలి. జిల్లా అధికారి సంతకం పెడితేనే కదలాలి. జీపు ఆయనకు మాత్రమే. మాకు బస్సు, రైలు, అవి దిగాక కాళ్లు.

చేరిన రోజు అధికారి ఒక మాట చెప్పారు. నాకు ముందు ఈ పోస్టులో ఇద్దరు ఆడవాళ్లు పనిచేశారట. ఇద్దరూ ఏడాది నిండకుండానే మెడికల్ లీవు పెట్టి, తర్వాత ఆఫీసు పనికి మారారట. మూడోసారీ అదే జరిగితే ఈ పోస్టు మగవాళ్లకే ఇవ్వమని పైకి రాస్తానన్నారు. కోపంగా కాదు, ఉన్న సంగతి చెప్పినట్టే అన్నారు.

నాకప్పుడు ఇరవై తొమ్మిదేళ్లు. చదువుకునే రోజుల్లో ఖోఖో ఆడినదాన్ని, నడకకు వెరవను. టూర్లలో ఆరోగ్యం చెడేది బయటి తిండి వల్లేనని అందరూ అనేవారు. అందుకని మట్టెవాడలోని మా ఇంటి నుంచే టిఫిన్ డబ్బా కట్టుకుని వెళ్లేదాన్ని. హోటల్ గడప తొక్కలేదు. ఏడాది కాదు, పదేళ్లయినా తిరగగలననుకున్నాను.

అక్టోబరులో చలిజ్వరం, మూత్రంలో మంట మొదలయ్యాయి. మందులతో తగ్గి డిసెంబరులో తిరగబెట్టాయి. ఫిబ్రవరిలో మూడోసారి వచ్చినప్పుడు హనుమకొండలో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఏం తింటున్నానో అడిగితే కాస్త గర్వంగానే చెప్పాను. ఆమె అదంతా విని, “నీళ్లు ఎన్ని తాగుతరు?” అని అడిగింది.

పొద్దున బయల్దేరేటప్పుడు ఒక గ్లాసు, మళ్లీ సాయంత్రం ఇంటికొచ్చాక తాగుతానన్నాను. ఎందుకలా అని ఆమె అడగలేదు. చీటీ రాస్తూ, “టూర్లన్నా మానాలె, నీళ్లన్నా తాగాలె. ఇట్లనే ఉంటే రెండేండ్లకు కిడ్నీలు చెడిపోయి వస్తరు,” అంది.

నేనెందుకు తాగేదాన్ని కాదో ఆమెకు చెప్పనక్కర్లేకపోయింది. ఆ రోజుల్లో ఊళ్లలో మరుగుదొడ్డి అరుదు. ఊరి ఆడవాళ్లు తెల్లవారక ముందో, పొద్దుగూకాకో బయటికి వెళ్లేవారు. నేను ఊళ్లో ఉండేది సరిగ్గా ఆ రెంటి మధ్య.

అప్పుడు నాకో అనుమానం వచ్చింది. ముందు పనిచేసిన ఇద్దరి లీవు కాగితాలు తీయించి చూశాను. రెండింట్లోనూ కారణం దగ్గర ‘అనారోగ్యం’ అన్న ఒక్క మాటే ఉంది. వాళ్లలో ఒకరైన విమలగారు మా ఇంటికి రెండు వీధుల అవతలే ఉండేవారు. వెళ్లి, కాసేపు ఆ మాటా ఈ మాటా మాట్లాడి అసలు సంగతి అడిగాను.

“నీకు కూడనా,” అన్నారామె. “నేనైతే అన్నం కూడ మానేసిన సులోచనా. సార్లకు ఏమని చెప్తం? ఎట్ల రాస్తం?” అన్నారు.

ఇద్దరం ఒకే జబ్బు పడ్డామని తేలింది. అయినా నన్ను ఇంకో ప్రశ్న వదల్లేదు. దినమూ దారిన తిరిగే ఆడవాళ్లు నేనొక్కదాన్నేనా? గంపలు, మూటలు పట్టుకుని ఊరూరూ తిరిగేవాళ్లు ఎలా నెట్టుకొస్తున్నారు? అప్పటినుంచి బస్సుల్లో వాళ్లను గమనించడం మొదలుపెట్టాను.

మార్చిలో స్టేషన్ ఘన్‌పూర్ వెళ్లే బస్సులో నా పక్కన గాజులు గుచ్చి కట్టిన మలారం మూట ఒళ్లో పెట్టుకుని ఒకామె కూర్చుంది. యాభై దాటి ఉంటాయి. అందరూ ఆమెను బూబమ్మ అని పలకరిస్తున్నారు. బస్సు ఆగిన చోటల్లా చెంబెత్తి గటగటా నీళ్లు తాగుతోంది. ఉండబట్టలేక, “ఇన్ని నీళ్లు తాగుతానవ్, దారిల కష్టం కాదా బూబమ్మా?” అని మెల్లగా అడిగాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసి నవ్వింది. “తాగకుంటెనే కష్టం బిడ్డా. మా అత్త గిట్లనే గాజులమ్మేది. సిగ్గుపడి నీళ్లు తాగకపోయేది. గుర్దాలు పాడై దవాఖానల పాణం ఇడ్సింది. నేను ముప్పై ఏండ్ల సంది తిరుగుతాన. ఊరికొక ఇల్లు పట్టుకున్న, నాకు ఫికర్ లేదు.” గుర్దాలంటే కిడ్నీలే.

ఇల్లు పట్టుకోవడం అంటే ఏమిటో చూపించమన్నాను. ఆ రోజు నేను తనిఖీ చేయాల్సిన ఊరికే ఆమె కూడా పోతోంది. పని ముగించుకుని మధ్యాహ్నం ఆమె వెంట నడిచాను.

అదొక విద్యే. పెద్ద భవంతి ఉన్న ఇంటికి పోకూడదు, అరుగు మీద ఎప్పుడూ మగవాళ్లు ఉంటారు. వెనక పెరడు, పెరట్లో తాటికమ్మల దడి కట్టిన జాలారు ఉన్న ఇల్లు చూసుకోవాలి. జాలారు అంటే స్నానాలు చేసి నీళ్లు వదిలే చోటు. కోడళ్లను కాదు, ఇంట్లో పెద్దామెనే పలకరించాలి. కోడలైతే ఇంకొకరిని అడగాలి, పెద్దామె ఎవరినీ అడగక్కర్లేదు.

“ముందుగల మంచినీళ్లు అడుగు. జరసేపు కూసో. పిల్లల సంగతి అడుగు. నువ్వు చెప్పకుంటనే వాళ్లకు సమజైతది. వాళ్లు సుత ఆడోళ్లే కద,” అంది బూబమ్మ.

ఆమె చెప్పినట్టే జరిగింది. మేం వెళ్లిన ఇంట్లో ముసలామె చెంబుతో నీళ్లిచ్చి, నేనేమీ అనకముందే, “ఎండల పడి వచ్చినవ్, పెరట్లకు పోయి కాళ్లు కడుక్కో పో,” అంది. తొమ్మిది నెలల్లో నేను మధ్యాహ్నంపూట కడుపునిండా నీళ్లు తాగింది ఆ రోజే.

తర్వాత నా జిల్లా పటం మీద పెన్సిలుతో సున్నాలు చుట్టడం మొదలుపెట్టాను. ఒక్కో సున్నా ఒక్కో ఇల్లు. ఘన్‌పూర్ వైపు బూబమ్మ చెప్పిన ఇళ్లు, ములుగు అడవి ఊళ్ల వైపు నేను వెతుక్కున్నవి. ఘన్‌పూర్‌కు బస్సు మాని రైల్లో వెళ్లేదాన్ని, స్టేషన్లో ఆడవాళ్ల గది ఉండేది కనుక. ఊళ్ల వరుస కూడా దూరాన్ని బట్టి కాక సున్నాలను బట్టి వేసుకున్నాను. ఆ వేసవంతా ఎండలో తిరిగినా జ్వరం రాలేదు. జూన్‌లో పరీక్షలు చేయించి డాక్టరమ్మ ఇక మందులు అక్కర్లేదంది.

జులైలో నా ప్రయాణ బిల్లులు చూసిన గుమాస్తా అభ్యంతరం చెప్పడంతో, ప్రోగ్రాంలకు సంతకం పెట్టిన అధికారి నుంచే మెమో వచ్చింది. దగ్గరి దారి ఉండగా చుట్టుదారిన ఎందుకు తిరుగుతున్నారో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని. మెమో అంటే సర్వీసు పుస్తకం దాకా పోగల కాగితం. రెండు రాత్రులు ఏం రాయాలో తోచలేదు. ‘అనారోగ్యం’ అని రాస్తే మూడో లేడీ కూడా అంతే అని పోస్టు మగవాళ్లకు పోతుంది. ఉన్నది రాస్తే ఆ కాగితం గుమాస్తాల బల్లలన్నీ తిరుగుతుంది. మూడో రోజు ఉన్నదే రాశాను. దారిలో మహిళలకు మరుగుదొడ్లు లేవని, నీళ్లు మానడం వల్ల మూడుసార్లు జబ్బు పడ్డానని, నాకు ముందు పనిచేసిన ఒకరికీ అదే జరిగిందని, ఇప్పుడు వెళ్తున్న దారిలో ఆ ఇబ్బంది లేదని. విమలగారిని అడిగే ఆ వాక్యం రాశాను.

ఆ సాయంత్రమే అధికారి పిలిచారు. నన్ను చూడకుండా కాగితం వైపే చూస్తూ, ఇది ఫైల్లో ఉండాలా అని అడిగారు.

“లేకపోతే నా తర్వాత వచ్చే ఆమెకు ఎట్ల తెలుస్తది సార్?” అన్నాను.

ఆయన ‘చూశాను, ఆమోదించాను’ అని సంతకం పెట్టారు. కాగితం పక్కన పెట్టి, నేను అనుకోని ప్రశ్న వేశారు. “మరి మన బాలసేవికలు ఏం చేస్తున్నరమ్మా? వాళ్లు పొద్దంతా అక్కడే ఉంటరు కదా.”

నాకు తెలియదు. ఏడాదిపాటు హాజరు పట్టీలు, పిల్లల బరువులు, పాలపొడి డబ్బాలు తనిఖీ చేశాను. ఆ మాట ఒక్కరినీ అడగలేదు.

మరుసటి నెల అడుగుతూ తిరిగాను. సొంత ఊళ్లో పనిచేసేవాళ్లు ఇంటికి వెళ్లొచ్చేవారు. పొరుగూరి నుంచి వచ్చేవాళ్లు ఎక్కువమంది నాలాగే నీళ్లు మానేశారు. ములుగు అవతల అడవిలో ఒక కేంద్రం ఉండేది. అక్కడికి పొరుగూరి నుంచి వచ్చే సేవిక లక్ష్మి రోజూ మధ్యాహ్నం కాకముందే తలుపు మూసి వెళ్లిపోతోందని శీతాకాలంలో నేనే ‘విధుల్లో నిర్లక్ష్యం’ అని రిమార్కు రాశాను. ఇప్పుడు అడిగితే ఆమె తల వంచుకుంది.

“గప్పుడు మీరు అడగలే మేడం. నేను చెప్పలే. కడుపుతో ఉన్న, ఆపుకునుడు నాతోని కాలే,” అంది.

ఆమె అప్పుడు ఆరో నెల గర్భిణి అట. నేను ఆమె ఎదురుగానే కూర్చుని రిజిస్టరు చూసి, సంతకం పెట్టి వచ్చాను. ఆ రోజు ఆమె మొహమైనా సరిగ్గా చూశానో లేదో గుర్తు రాలేదు. అక్కడే బల్ల మీద ఆ రిమార్కు తొలగించమని, నాదే పొరపాటని రాశాను. అదే ఊళ్లో కేంద్రానికి ఆనుకుని ఉన్న ఒక పెద్దామెతో మాట్లాడి, ఆమె పెరడు లక్ష్మికి వాడుకోనిచ్చేలా చూశాను. అధికారి తనిఖీ ఫారంలో కొత్త గడి వేయించారు: ‘సేవికకు నీరు, మరుగు సౌకర్యం’. చాలా కేంద్రాల్లో ఆ గడిలో ‘లేదు’ అనే రాయాల్సి వచ్చింది. అయినా ఏటా పైకి వెళ్లే నివేదికలో ఆ మాట చేరింది. కొన్నింటికి తడికల గది, ఆ తర్వాత ఇటుక గది వచ్చాయి.

ఆ పోస్టులో ఎనిమిదేళ్లు ఉన్నాను. తర్వాత దానికి మళ్లీ ఆడమనిషే వచ్చింది. పటం ఆమెకు ఇచ్చాను.

టూర్ ఉద్యోగంలో ఆరోగ్యం ఎలా కాపాడుకోవాలని అడిగేవాళ్లకు తిండి, నడక, నిద్ర గురించి అందరూ చెప్పేదే నేనూ చెప్తాను. ఆ ఏడాది నేర్చుకున్నది మాత్రం వేరు. చెప్పడానికి సిగ్గనిపించే ఇబ్బంది కూడా ఉద్యోగానికి సంబంధించిన వివరమే, దాన్ని దాని పేరుతోనే కాగితం మీద పెట్టాలి. తనిఖీకి వెళ్లిన మనిషి రిజిస్టరు తెరిచే ముందు ఎదుటి మనిషి ఎలా ఉందో అడగాలి.