కరపత్రంలో లేని పేరు

పోచంపల్లి నిర్మలమ్మకు కోపం వస్తే ముందు ముక్కుపుటాలు అదురుతాయి, తర్వాతే మాట వస్తుంది. ఇంట్లో చీరల నూలు ఆసు పోస్తూ, మగ్గం మీద కూర్చున్న భర్త జానయ్యకు డైలాగులు అప్పజెప్పే ఈ మనిషి, పదిహేనేళ్లుగా నల్లగొండ, పాలమూరు కాలేజీల వార్షికోత్సవ నాటకాల్లో ఆడవేషాలు వేస్తోంది. కాలేజీలో చదివే ఆడపిల్లలు స్టేజీ ఎక్కితే పరువు పోతుందట! అందుకని యూనియన్ల వాళ్లు బయటి నుంచి ఆడమనిషిని పిలిపించుకుంటారు. ఆ వచ్చిన మనిషికీ ఒక పరువు ఉంటుందని మాత్రం ఒక్కడికీ తట్టదు.

1986లో పాలమూరు వైపు ఒక డిగ్రీ కాలేజీ యూనియన్ సెక్రటరీ ఐలేశం ఆమె ఇంటికి వచ్చాడు. నాటకంలో అతను దొర, ఆమె కూలిమనిషి లచ్చి. నిర్మలమ్మ ఒక్కటే కోరింది.

"కరపత్రంల నా పేరు అచ్చుగొట్టియ్యాలె తమ్మీ. ఇన్నేండ్లల్ల ఒక్క కాలేజోడు గూడ కొట్టియ్యలే."

"గదేం పెద్ద పని అక్కా? ఫికర్ జెయ్యకు" అన్నాడు ఐలేశం.

వార్షికోత్సవం నాడు ఆమె హైదరాబాద్‌లో బస్సు మారి మధ్యాహ్నానికి కాలేజీ చేరింది. ఆ ఏర్పాట్లు చూడగానే ఒళ్లు మండింది. స్టేజీని పడమటి ముఖంగా కట్టారు, సాయంత్రం ఎండంతా ఆడేవాళ్ల కళ్లలోనే. కుర్చీలన్నీ అతిథులకు వేసి, ఆడపిల్లలకు ఎక్కడో వెనక గుంజల చాటున జాగా చూపించారు. నేల మీద మడమలోతు దుమ్ము.

"మీటింగులు మస్తుగ వెట్టుకున్నరు గద, గియ్యేం ఎరుకలేదా?" అని గదమాయించి, జనం కూర్చునే చోటుకు వెనక, ఎండకు అడ్డంగా పరదా కట్టించింది. నీళ్లు చల్లించింది. ఆడపిల్లలకు కుర్చీలకన్నా ముందు, స్టేజీ దగ్గరే చాపలు పరిపించింది. పేరుకు యూనియన్ కార్యక్రమం, నడిపింది ఆమె.

బాటనీ ల్యాబులో ముఖానికి రంగు వేసుకుంటుంటే బల్ల మీద కరపత్రం కనిపించింది. దొర, పట్వారీ, గ్రామస్తులు, అందరి పక్కనా పేర్లున్నాయి. తెర లాగేవాడి పేరుంది. వెనక నుంచి డైలాగులు అందించే భిక్షం పేరుంది. లచ్చి పక్కన మాత్రం 'ప్రముఖ హైదరాబాద్ ఆర్టిస్ట్' అని ఉంది.

అరికాలి మంట నెత్తికెక్కింది. ఐలేశాన్ని పిలిపించింది.

"ఎవరు తమ్మీ ఈమె?"

"నువ్వే అక్కా. పోచంపల్లి అంటె ఎవ్వలొస్తరు? హైదరాబాద్ అంటె జనం ఇరగవడి వస్తరు."

"ఊరు మార్చినవు, సరే. పేరేమాయె?"

"హైదరాబాదోళ్లకు గసొంటి పేరు ఉండదక్కా. అతుకుతలేదు."

నిర్మలమ్మ ముక్కుపుటాలు అదిరాయి. సంచీ సర్దుకుని లేచింది కూడా. కానీ వెళ్లిపోతే రేపు వీళ్లేమంటారు? హైదరాబాద్ ఆర్టిస్టు ఎగ్గొట్టిందంటారు. చెడ్డపేరు కూడా తన పేరు మీద రాదు! పళ్లు కొరుక్కుంటూ మళ్లీ అద్దం ముందు కూర్చుంది.

తెర లేచింది. దొర వేషంలో ఐలేశం మీసం దువ్వాడు.

"ఎవతివే నువ్వు? నీ పేరేంది?"

"నిర్మలమ్మ."

"లచ్చి! లచ్చి!" అని స్టేజీ పక్క తెర వెనక నుంచి భిక్షం గొంతు చించుకున్నాడు. ఐలేశం ఆ తెర వైపు ఒకసారి చూశాడు. సరిచేసుకుంటుందేమోనని మళ్లీ అడిగాడు.

"నీ పేరేందే?"

"చెప్తి గద, నిర్మలమ్మ. నాది పోచంపల్లి. హైదరాబాద్‌ల బస్సు మారిన, గంతే."

చాపల మీది ఆడపిల్లలు గొల్లున నవ్వారు. ఒకమ్మాయి చప్పట్లు కొట్టింది.

"లచ్చీ, ఇయ్యాల్టి సంది నువ్వు గడీల..." అని ఐలేశం తర్వాతి డైలాగు అందుకున్నాడు. ఆమె కదల్లేదు, పలకలేదు. నడుం మీద చేతులు పెట్టుకుని అతని కళ్లలోకి చూస్తూ నిలబడింది. అతను రెండోసారి లచ్చీ అన్నాడు. ఆమె చెవిటిదానిలా ఉండిపోయింది. ప్రిన్సిపాల్ కుర్చీలోంచి సగం లేచాడు.

చివరికి ఐలేశం తల దించాడు. "నిర్మలమ్మా..." అన్నాడు, అంత పెద్ద మీసాలు పెట్టుకుని, బడిలో పాఠం అప్పజెప్పే పిల్లవాడిలా.

"ఆఁ, ఇప్పుడు జెప్పు దొరా" అని నిర్మలమ్మ కొంగు నడుముకు చుట్టింది.

లచ్చి దొరను దులిపేసే డైలాగులు నాటకంలో రెండు పేజీలున్నాయి. ఆ సాయంత్రం భిక్షం ఒక్క మాట కూడా అందించాల్సిన పని పడలేదు.