జీపుకు సరిపడని చక్రాలు

మా ఆసుపత్రి జీపు డ్రైవరు భాయ్ ఇక లేరన్న సంగతి నాకు ఆదోని బస్సు కండక్టరు చెప్పాడు. బస్సు ఆపించి, టిక్కెట్ల సంచి చంకలో పెట్టుకొని లోపలికొచ్చి, "సిస్టరమ్మా, మీ భాయ్ మొన్న పోయినాడంట. మట్టి గూడా చేసినారంట" అన్నాడు. సూది వేయించుకోవడానికి చొక్కా చేయి మడుచుకొని కూర్చున్న ముసలాయన చేయి ఇంకా చాపే ఉన్నాడు. సూది వేశాను. ఆయన లేచి వెళ్ళాక కూర్చోవడానికి కుర్చీ వెతుక్కున్నాను.

ఎమ్మిగనూరుకు అవతల, మగ్గాల చప్పుడు మధ్య ఉంది మా చిన్న ఆసుపత్రి. డెబ్బయ్యో దశకం చివర్లో నేను నర్సుగా చేరిన ఏడాదే భాయ్ ఆదోని నుంచి బదిలీ మీద వచ్చారు. మాతో తెలుగు మాట్లాడేవారు, జీపుతో ఉర్దూ. పొద్దున బండి తీసే ముందు చుట్టూ తిరిగి ఒక్కో చక్రం నట్లను పానాతో తట్టి, ఆ చప్పుడును చెవి ఒగ్గి వినేవారు. ఇంటినుంచి తెచ్చుకున్న బొరుగుల ఉగ్గానిలో సగం ఎప్పుడూ ఆయాకు పెట్టేవారు. ఆమె వద్దంటే, "నా కడుపు చిన్నదమ్మా" అనేవారు. కడుపు చిన్నదేం కాదు.

పందొమ్మిదివందల ఎనభై దాటాక ఒక ఎండాకాలం ఆ పెద్ద జీపుకు నాలుగు చక్రాలూ మార్చాల్సి వచ్చింది. టైర్లు అరిగిపోయాయి. టైర్లను పట్టుకునే ఇనుప డిస్కుల్లో రెండింటికి బోల్టు రంధ్రాల దగ్గర పగుళ్ళు వచ్చాయి. భాయ్ టైరు మీది అంకెలన్నీ నాతో కాగితం మీద రాయించారు. పాత క్యాలెండరు అట్ట మీద డిస్కు పెట్టి, చుట్టూ పెన్సిలుతో గీసి, రంధ్రాలు కత్తిరించి, ఆ అట్టను కూడా పై ఆఫీసుకు పంపారు. "ఇది పెట్టి సూసుకుంటే సాలు, తప్పు పోయేకి లేదు" అన్నారు.

మొదటిసారి వచ్చిన చక్రాలకు ఐదే రంధ్రాలు. మా జీపుకు కావలసింది ఆరు. వెనక్కి పంపి రెండు నెలలు ఎదురుచూశాం. రెండోసారి ఆరు రంధ్రాలవే వచ్చాయి, బోల్టులూ పట్టాయి. తెచ్చిన స్టోరు గుమాస్తా పాత చక్రాలను అదే వ్యానులో వేసుకొని వెళ్ళిపోయాడు. అతను పోయాక భాయ్ టైరు పక్కన కూర్చొని చాలాసేపు చూశారు.

"వెడల్పు ఎక్కువుండాది సిస్టరమ్మా. డిస్కు గూడా లోపలికి కూచుంటాది. ఖాళీ బండికి తగల్దు. జనం ఎక్కితే స్ప్రింగులు దిగుతాయి గదా, అప్పుడు రాసుకుంటాది."

టైరు లోపలి అంచుకు సుద్దముక్క రుద్ది, ఆయాను, కాంపౌండరును, నన్ను, మందు కోసం వచ్చినవాళ్ళను కూడా వెనక ఎక్కించుకొని ఆవరణలో ఒక చుట్టు తిప్పారు. మేమంతా నవ్వుకుంటూ దిగాం. భాయ్ వంగి చూపించారు. లోపలి రేకు మీద తెల్లటి చార పడి ఉంది.

మా డాక్టరు గారు, "ఆరు బోల్టులూ పట్టాయి కదా భాయ్, ఇవీ వెనక్కి పంపితే మళ్ళీ ఎప్పుడొస్తాయో! సరిపోయాయని సంతకం పెట్టెయ్" అన్నారు.

"బోల్టు పట్టినంత మాత్రాన చక్రం సరిపోయినట్టు కాదు సార్" అని భాయ్ సంతకం పెట్టలేదు. నాతో ఉత్తరం రాయించి పంపారు. ఇంకో అట్ట కత్తిరించుకొని, సెలవు దొరికినప్పుడల్లా సరిపోయే చక్రాల కోసం ఆదోనిలో లారీ షెడ్లన్నీ తిరిగారు. బస్సు దిగుతూనే, మేం అడక్కముందే తల అడ్డంగా ఊపేవారు.

అలాంటి రోజుల్లోనే ఒక మధ్యాహ్నం నేతపని చేసే కుర్రవాడొకడు తల్లిని వెంటబెట్టుకొని, తన భార్యను మంచం మీద మోయించుకొచ్చాడు. రెండో కాన్పు. బిడ్డ అడ్డం తిరిగింది, రక్తం ఆగడం లేదు. ఆపరేషన్ కావాలంటే ఆదోని పోవాలి. బస్సు వెళ్ళి గంటయింది. ఊళ్ళో మరో బండి లేదు.

ఎవరూ భాయ్‌ను అడగలేదు. ఆయనే లేచి జీపులోంచి స్టెప్నీ దించారు, ఒక పక్క బెంచీ పీకేశారు, మందుల పెట్టె దించారు. ఆ కుర్రవాడు ఎక్కబోతుంటే చేయి అడ్డం పెట్టారు.

"బరువు తగ్గాలప్పా. మీయమ్మ, సిస్టరమ్మ వస్తారు. నువ్వు ఎనక బస్సుకు రా."

"నేను రావల్ల గదా భాయ్, నా భార్య..."

"నా బిడ్డ మాదిరి తీసకపోతా. నిలబడాకు, జరుగు."

ఆ ప్రయాణం గురించి ఎక్కువ రాయలేను. గుంత వచ్చిన ప్రతిసారీ టైరు రేకుకు రాసుకొని గర్రుమనేది. రబ్బరు కాలిన వాసన వచ్చేది. భాయ్ బండిని మెల్లగా చేసేవారు. ఆ అమ్మాయి అత్త, "బిరీన పోనీ నాయనా, నీ కాళ్ళు పట్టుకుంటా" అని ఏడుస్తుంటే కాస్త వేగం పెంచేవారు. మళ్ళీ గర్రుమనేది, మళ్ళీ తగ్గించేవారు. నేను ఆ అమ్మాయి నాడి పట్టుకొని కూర్చున్నాను. నా చేతిలో పట్టుకోవడానికి అదొక్కటే ఉంది. గంటలో చేరాల్సిన దారికి రెండు గంటలు దాటింది.

తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కలేదు. "ఒక అరగంట ముందు తెచ్చుంటే" అన్నారు అక్కడి డాక్టరమ్మ. ఆమె అన్నది నాతోనే, కానీ భాయ్ తలుపు దగ్గరే ఉన్నారు.

సాయంత్రం బస్సుకు ఆ కుర్రవాడు వచ్చాడు. విషయం విని, గేటు దగ్గర నిలబడ్డ భాయ్ రెండు చేతులూ పట్టుకొని, "నువ్వేం జేస్తావు భాయ్" అన్నాడు. తిట్టినా బాగుండేది.

మర్నాడు చక్రం విప్పి చూశాం. టైరు లోపలి పక్క రబ్బరు అరిగిపోయి గుడ్డపోగులు తేలి ఉన్నాయి. "చూడండి భాయ్, ఇంకాస్త వేగంగా తోలుంటే పేలిపోయేది" అన్నాను.

"పేలేదేమో. పేలకపోయేదేమో సిస్టరమ్మా" అన్నారాయన.

సరైన చక్రాలు మూడు వారాల తర్వాత వచ్చాయి. మళ్ళీ సుద్ద రుద్దారు, మళ్ళీ అందరం ఎక్కాం. రేకు మీద చార పడలేదు. ఎవరమూ నవ్వలేదు.

ఆ తర్వాత ఆయన రిటైరయ్యేదాకా ఆ జీపులో ఎన్ని కాన్పులకు వెళ్ళామో! చాలామంది బతికారు. అయినా ఏదో ఒక రోజు, టీ తాగుతూ తాగుతూ ఆగి, "ఆ పొద్దు ఇంకొంచెం తోలింటే?" అని అడిగేవారు. ఎవరైనా ఏదైనా సరిపోయిందంటే, బరువు పడ్డాక చూశారా అని అడగడం మాత్రం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆ ప్రశ్న వల్ల మా ఆసుపత్రిలో కొన్ని ప్రాణాలు నిలిచాయి. ఆ మాట ఆయనకు చెప్పాలనుకుంటూనే ఉండిపోయాను.

నిన్న ఆదోనికి వెళ్ళి భాయ్ భార్యను చూసొచ్చాను. చాపేసి కూర్చోబెట్టి, చివరి నెల సంగతులు చెప్పింది. మాట పడిపోయిందట. మనుషుల్ని గుర్తుపట్టలేదట.

"కుడికాలు మాత్రం ఊరికే ఉండేది కాదు సిస్టరమ్మా. మంచం మీద ఇట్ల తొక్కుతాండె" అని, కూర్చున్నచోటే కాలు చాపి చూపించింది. "ఏం తొక్కుతాండె, నీకేమన్నా ఎరికేనా? బ్రేకునా?"

బ్రేకయినా, ఆక్సిలరేటరయినా తొక్కేది ఆ కాలితోనే. నాకు తెలియదన్నాను. ఆమె మడమ నేలకు ఆనించి, వేళ్ళు వంచి, మెల్లగా నొక్కి వదులుతూ, నొక్కి వదులుతూ, చాలాసేపు నాకు చూపిస్తూనే ఉంది.