ఇనుప తలుపు వెనక ముత్యపు చిప్ప

పోయిన మంగళవారం ఆఫీసు నుంచి ట్రైన్‌లో వస్తుంటే పై అంతస్తు ఆంటీ ఫోన్ చేశారు. "మీ అంకుల్ వెళ్ళిపోయారమ్మా" అన్నారు. ఎన్నాళ్ళుగానో ఆ మాట కోసమే భయపడుతున్నదాన్ని కాబట్టి, "ఎప్పుడండీ?" అని మాత్రం అడగగలిగాను. మా స్టేషన్ పుంగ్గోల్‌లో అందరూ దిగిపోయాక కూడా కాసేపు సీట్లోనే కూర్చుండిపోయాను.

అంకుల్‌ది రాజమండ్రి. ఇక్కడ సింగపూర్‌లో బ్యాంకులో కంప్యూటర్ల పని చేసి రిటైరయ్యాక, అందరిలా నడకా ప్రవచనాలూ పెట్టుకోకుండా గిటార్లు చేయడం నేర్చుకున్నారు. చెక్క పనంతా నలుగురితో కలిసి అద్దెకు తీసుకున్న షెడ్డులో చేసేవారు. గిటారు మెడ మీద ముత్యపు చిప్ప పొదగడం మాత్రం ఇంట్లోనే. ఆ పని ఇంకొకరి కళ్ళ ముందు చేయడం ఆయనకు ఇష్టం ఉండేది కాదు.

మా ఫ్లాట్లన్నిటికీ షెల్టర్ అని ఒక గది ఉంటుంది. బాంబులు పడితే దాక్కోవడానికి కట్టింది. మందపాటి గోడలు, ఇనుప తలుపు, కిటికీ లేదు. మనవాళ్ళు అందులో బియ్యం బస్తాలు, ఆవకాయ జాడీలు, ఊరెళ్ళే సూట్‌కేసులు దాచుకుంటారు. అంకుల్ అందులో బల్ల వేసుకున్నారు. ఆంటీకి ఉబ్బసం. దుమ్ము హాల్లోకి రాకూడదని తలుపు బిగించుకుని మరీ కూర్చునేవారు.

నన్నొక్కదాన్నే రానిచ్చేవారు. శనివారం పొద్దున్నే వెళ్ళి నేర్చుకునేదాన్ని. ఆకు బొమ్మ కాగితం మీద గీసి చిప్పకు అంటించడం, సన్న రంపంతో కోయడం, నల్లచెక్కలో అదే ఆకారంలో గాడి తీయడం, జిగురు పెట్టి ముక్కను కూర్చోబెట్టడం, అన్నీ ఓపిగ్గా చూపించారు. నాకు తొందరెక్కువ. గాడి చిన్నదైతే చిప్ప అంచును అరగదీసేదాన్ని. "చిప్పను కొయ్యక ముందు ఆలోచించాలమ్మాయ్, కోశాక దాని మాట మనం వినాలి" అనేవారు. ఇప్పటికీ ఆఫీసులో ఎవరైనా తొందరపెడితే నాకు ఆ మాటే గుర్తొస్తుంది.

చివరి పని రుద్దడం. చెక్క పైకి లేచిన చిప్పను చిన్న మోటారుతో అరగదీసి, తర్వాత గరుకు ఉప్పు కాగితంతో నున్నగా చేయాలి. అప్పుడు మాత్రం "ఇక నువ్వు బయటికెళ్ళు. చిన్నపిల్లల తల్లివి" అని తలుపేసేసేవారు. తలుపుకి లోపలివైపు కొక్కేనికి మంచి మాస్కు వేలాడుతుండేది. అది ఆయన ముఖాన నేను ఎన్నడూ చూడలేదు.

"మాస్కు పెడితే వాసన తెలీదు. చిప్ప వేడెక్కితే ముందు ముక్కుకే తెలుస్తుంది. తెలీకపోతే పుటుక్కున విరుగుతుంది" అనేవారు. కనుబొమల మీద తెల్లటి పొడితో బయటికొచ్చేవారు. "పిండిమర నుంచి దిగబడ్డారు" అని ఆంటీ దెప్పేవారు. అందరం నవ్వేవాళ్ళం.

దగ్గు నాకు మొదట వినిపించింది మా షెల్టర్లో. బియ్యం తీసుకుందామని వెళితే పైనుంచి సన్నగా రుద్దే చప్పుడు, ఆగి దగ్గు, మళ్ళీ రుద్దే చప్పుడు. కొన్ని వారాలకు దగ్గే ఎక్కువసేపు వినిపించసాగింది. దాని తర్వాత వచ్చే నిశ్శబ్దం నాకు అస్సలు నచ్చేది కాదు. మళ్ళీ రుద్దడం మొదలయ్యేదాకా బియ్యం గిన్నె పట్టుకుని అక్కడే నిలబడేదాన్ని. పైకెళ్ళి, దగ్గు డాక్టరుకు చూపించుకోమని గట్టిగానే చెప్పాను. "ఏసీ పడట్లేదమ్మాయ్" అన్నారు.

అప్పుడు చేస్తున్న గిటారు వాళ్ళమ్మాయి కోసం. మెడ పొడుగునా జాజితీగ, ఆకూ ఆకూ చిప్పతో. సగం అయింది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, తండ్రి ఎదురుగా నిలబడి, "డాడీ, నాకు తీగ వద్దు. ప్లెయిన్‌గా ఉన్నా ఓకే లా. యు స్టాప్" అని ఇక్కడి యాసలో అంది.

"సగం తీగ ఎక్కడైనా ఉంటుందా నాన్నా?" అన్నారాయన.

ఊపిరితిత్తులు గట్టిపడుతున్నాయని స్కాన్‌లో తేలింది. దుమ్మే కారణమని డాక్టరు తేల్చి చెప్పలేదు గానీ, ఇక దుమ్ము జోలికి వెళ్తే ప్రాణం నిలబడటం కష్టమన్నారు. ఆ సాయంత్రం నేనూ అక్కడే ఉన్నాను. ఆంటీ ఆయన చెయ్యి పట్టుకుని తన నెత్తి మీద పెట్టుకోబోయారు. "మానేస్తానని ఒట్టెయ్యండి."

ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నారు. "ఒట్లెందుకు? మానేశానని చెప్పాగా."

ఒట్టు తప్పితే అది ఎవరి తలకు చుట్టుకుంటుందో మా ఇద్దరికీ తెలుసు, ఆయనకూ తెలుసు. "మొండివాడు రాజుకన్నా బలవంతుడు" అని ఆంటీ లేచి వెళ్ళి, షెల్టరంతా తడిగుడ్డతో తుడిచి, గిటారును పెట్టెలో పెట్టి తలుపు మూసేశారు.

ఆ తర్వాత పై నుంచి చప్పుడు వినలేదు. అయితే నేను పగలంతా ఆఫీసులో ఉండే మనిషిని. ఆంటీ మధ్యాహ్నాలు గుడికి వెళ్తారు. దగ్గు మాత్రం తగ్గలేదు. పోయిన నెల ఆయాసం ఎక్కువై ఆంబులెన్స్‌లో తీసుకెళ్ళారు. చూడటానికి వెళితే ఆక్సిజన్ గొట్టం పక్కకు జరిపి, "నువ్వు మాత్రం మాస్కు తియ్యకు" అన్నారు. నాతో ఆయన అన్న చివరి మాట అదే.

దహనమయ్యాక, మూడో రోజున వాళ్ళమ్మాయి షెల్టర్ తలుపు తీసింది. ఆంటీ, నేనూ వెనకే ఉన్నాం.

నేలంతా తెల్లగా ఉంది. బల్ల మీద గిటారు. జాజితీగ చివరి ఆకుదాకా పూర్తయింది. వేలితో తడిమాను. చిప్ప ఎక్కడ మొదలవుతుందో, చెక్క ఎక్కడ ఆగుతుందో వేలికి తెలియలేదు. అంత అందమైన పని నేను మళ్ళీ చూడను. ఆయన మీద నాకు వచ్చినంత కోపం కూడా జీవితంలో ఎవరి మీదా రాలేదు.

"ఐ టోల్డ్ హిమ్" అంది వాళ్ళమ్మాయి. గిటారును ముట్టుకోలేదు.

ఆయన కూర్చునే పీట ముందు, ఆ తెల్లటి పొడిలో, రెండు పాదాల మేర నేల నల్లగా శుభ్రంగా ఉంది. ఆయన కాళ్ళు పెట్టుకున్న చోటు. అక్కణ్ణుంచి తలుపు దాకా కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళిన చారలు.

ఆంటీ చీపురు అందుకోబోతే, "అమ్మా, ఊడవకు. దుమ్ము లేస్తుంది" అని ఆ అమ్మాయి మా ముగ్గురికీ మాస్కులు తెచ్చింది. ఆంటీ తడిగుడ్డ తీసుకుని మోకాళ్ళ మీద కూర్చుని, గోడ వార నుంచి మెల్లగా తుడుచుకుంటూ వచ్చారు. పాదాల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. చుట్టూ ఉన్న పొడి తుడిచేస్తే పాదాలు కూడా పోతాయి. ఒక్కో పాదం చుట్టూ వేలెడు వెడల్పు తెల్లటి అంచు వదిలేసి, ఆవిడ గుడ్డ బకెట్లో వేసి పిండారు.